గండి పడకముందే ఎండిన రాజ్యం: మారిబ్ ఆనకట్ట వెనక అసలు లెక్క

క్లుప్తంగా: యెమెన్‌లోని మారిబ్ ఆనకట్టకు క్రీ.శ. 570 ప్రాంతంలో ఆఖరి గండి పడింది. మారిబ్ రాజధానిగా ఉన్న సబా (బైబిల్‌లోని షేబ) రాజ్యం ఆ వరదలోనే కొట్టుకుపోయిందన్నది చాలామంది విన్న కథ. శాసనాలు, ప్రాచీన రచనలు పక్కపక్కన పెట్టి చూస్తే క్రమం వేరుగా కనిపిస్తుంది. వ్యాపారం ఒకటో శతాబ్దం నుంచి సముద్రం మీదికి మళ్లింది. మూడో శతాబ్దంలో అధికారం కొండల మీదికి పోయింది. నాలుగో శతాబ్దంలో గుడికి మొక్కులు ఆగాయి. కట్ట అన్నిటికంటే ఆఖరున తెగింది.

2023 జనవరిలో యునెస్కో మారిబ్ ప్రాంతంలోని ఏడు పురాతన స్థలాలను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అదే రోజు వాటిని ‘ప్రమాదంలో ఉన్న’ జాబితాలో కూడా పెట్టింది. యుద్ధం నడుస్తున్న నేల కాబట్టి అంత తొందర అవసరమైంది. అప్పటినుంచి ‘షేబ రాణి రాజధాని’, ‘ప్రపంచంలో మొదటి డ్యామ్’, ‘ఒక్క రాత్రిలో మునిగిన నాగరికత’ అంటూ వీడియోలు, పోస్టులు ఆగకుండా తిరుగుతున్నాయి. మూడింటిలోనూ కొంత నిజం, చాలా గందరగోళం ఉన్నాయి.

## పేరు రాణిది, గుడి దేవుడిది

మారిబ్ శివార్లలో రెండు పెద్ద గుళ్ల శిథిలాలున్నాయి. స్థానికులు ఒకదాన్ని ‘మహ్రమ్ బిల్కీస్’ అంటారు, రెండోదాన్ని ‘అర్ష్ బిల్కీస్’, అంటే బిల్కీస్ సింహాసనం అంటారు. తెలుగు బైబిల్‌లో షేబ దేశపు రాణిగా కనిపించే ఆమెకే అరబ్బు సంప్రదాయంలో బిల్కీస్ అని పేరు. పేర్లు అలా ఉన్నాయి కాబట్టి ఈ కట్టడాలు ఆమెవే అనుకోవడం సహజం.

గోడల మీది శాసనాల్లో మాత్రం రాణి ఊసే లేదు. అవి చెప్పేది అల్మఖా అనే దేవుడి గురించి. మొదటిది ఆయన అవామ్ ఆలయం, రెండోది ఆయనదే బరాన్ ఆలయం. బైబిల్ కథలో ఆ రాణి వెళ్లి కలిసిన సోలొమోను రాజు కాలాన్ని సాధారణంగా క్రీ.పూ. 10వ శతాబ్దంగా లెక్కిస్తారు. అవామ్ చుట్టూ ఉన్న అండాకారపు పెద్ద గోడను కట్టించినట్టు శాసనం వేయించుకున్న పాలకుడు యదఇల్ ధరీహ్ క్రీ.పూ. 7వ శతాబ్దం వాడు. సబా పాలకుల పేర్లు బయటి రికార్డుల్లో కచ్చితంగా దొరికేది కూడా ఆ దరిదాపుల్లోనే. క్రీ.పూ. 8వ శతాబ్దం చివర్లో అస్సిరియా రాజు రెండో సర్గోన్ తనకు కానుకలు పంపినవాళ్లలో సబాకు చెందిన ‘ఇతఅమ్ర’ పేరు చెప్పుకున్నాడు. ఈ రాణి ఉందనీ లేదనీ ఆ రాళ్లు తేల్చవు. ఆమె పేరుతో పిలిచే గుళ్లు ఆమెవి కావని, అల్మఖావని మాత్రం తేలుస్తాయి.

అవామ్‌లో భక్తుల అలవాటు ఒకటి గమనించదగ్గది. పని అయితే దేవుడికి కంచు బొమ్మ చేయించి ఇచ్చేవారు. బొమ్మ నిలబెట్టిన రాతిపీఠం మీద ఎవరు, ఎందుకు ఇచ్చారో చెక్కించేవారు. జబ్బు తగ్గిందని, యుద్ధం నుంచి క్షేమంగా తిరిగొచ్చానని, బిడ్డ పుట్టాడని. కంచు చాలావరకు కరిగిపోయింది, రాళ్లు మిగిలాయి. సబా చరిత్రలో పెద్ద భాగం ఇలా మొక్కులు తీర్చుకున్నవాళ్ల రాతల నుంచి కూర్చిందే.

## డ్యామ్ అంటే పొరపాటు

డ్యామ్ అనగానే వెనక నీళ్లు నిండిన జలాశయం కళ్ల ముందు మెదులుతుంది. మారిబ్ కట్టడం అలాంటిది కాదు. మన ఇరిగేషన్ మాటల్లో చెప్పాలంటే అది ఆనకట్ట: నీటిమట్టాన్ని కాస్త పైకి లేపి కాలువల్లోకి మళ్లించే కట్ట.

మారిబ్‌లో వాన ఏడాదికి 100 మిల్లీమీటర్లు కూడా పడదు. కానీ పడమట ఉన్న యెమెన్ ఎత్తు కొండల మీద వసంతంలో ఒకసారి, ఎండాకాలం చివర్లో మరోసారి వానలు పడతాయి. ఆ నీరంతా వాదీ ధన అనే వాగులోకి చేరి బలక్ కొండల మధ్య ఇరుకు సందులోంచి ఎడారిలోకి దూకుతుంది. వాగు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉంటుంది. వరద వచ్చిన కొద్దిపాటి సమయంలోనే పొలాలు తడవాలి.

సబా వాళ్లు ఆ ఇరుకు సందుకు అడ్డంగా దాదాపు 600 మీటర్ల పొడవున మట్టి కట్ట వేసి, దానికి రాతి కవచం తొడిగారు. రెండు చివర్లలో, కొండ రాయికి ఆనించి, చెక్కిన రాళ్లతో భారీ తూములు కట్టారు. ఉత్తరపు తూము నుంచి ప్రధాన కాలువ కిలోమీటరుకు పైగా వెళ్లి, నీళ్లు పంచే కట్టడం దగ్గర చీలిపోయేది. వాగుకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండు ఆయకట్టులు. మొత్తం 9,600 హెక్టార్లు, అంటే దాదాపు 24 వేల ఎకరాలు. ఖురాన్ సబా అధ్యాయంలో ‘కుడివైపు, ఎడమవైపు రెండు తోటలు’ అని చెప్పింది వీటినే. ఆ అధ్యాయంలో వరదకు వాడిన ‘అరిమ్’ అన్న మాట సబా శాసనాల్లో ఆనకట్టకు వాడిన మాటే.

ఈ చోట వరద నీటి సేద్యం క్రీ.పూ. మూడో సహస్రాబ్ది నుంచే ఉంది. ఇప్పుడు శిథిలాలుగా కనిపించే పెద్ద ఆనకట్ట మాత్రం క్రీ.పూ. 6వ శతాబ్దం నాటి పని. ‘మొదటి డ్యామ్’ అన్న మాట ఇక్కడే తేలిపోతుంది. ఈజిప్టులో అంతకు రెండు వేల ఏళ్ల ముందే కట్టలున్నాయి. మారిబ్ గొప్పతనం వెయ్యేళ్లకు పైగా పనిచేయడంలో ఉంది.

తూముల దగ్గర రాళ్లను దగ్గరగా చూస్తే ఆ పనితనం తెలుస్తుంది. రాయికి రాయికి మధ్య సున్నం గీత దాదాపు కనిపించదు. కొన్ని చోట్ల రాళ్లను కలపడానికి లోపల సీసం పోసి బిగించారు. మట్టి కట్ట ఎన్నిసార్లు కొట్టుకుపోయినా ఈ రెండు తూములు అలాగే నిలబడ్డాయి. నేటికీ అక్కడ చూడటానికి మిగిలినవి అవే.

## ఒండ్రే వరం, ఒండ్రే గండం

వరద నీటితో పాటు కొండల నుంచి ఒండ్రు కొట్టుకొస్తుంది. ఎరువు కొనే పనిలేని సేద్యం అది. కానీ ప్రతి వరదకూ పొలం కొంచెం కొంచెం పైకి లేస్తుంది. ఏడాదికి లెక్కేస్తే ఒక సెంటీమీటరు కూడా ఉండకపోవచ్చు. వేల ఏళ్లలో మారిబ్ ఆయకట్టులో ఈ పొర కొన్ని చోట్ల 30 మీటర్ల మందానికి చేరింది.

పొలం లేస్తే కాలువ లేవాలి, కాలువ లేస్తే తూము గడప లేవాలి, గడప లేస్తే కట్ట ఎత్తు పెంచాలి. లేకపోతే నీరు పొలం ఎక్కదు. మొదట కొద్ది మీటర్లే ఉన్న కట్ట చివరికి 15 మీటర్ల దరిదాపుల్లోకి వెళ్లడానికి కారణం ఇదే. ఏ రాజుగారి గొప్ప కోసమో పెంచిన ఎత్తు కాదది. మరోవైపు కట్ట వెనక పూడిక పేరుకుంటూ ఉంటుంది. మట్టి కట్ట ఎత్తు పెరిగినకొద్దీ దాని మీద ఒత్తిడి పెరుగుతుంది, గండి పడితే జరిగే నష్టమూ పెరుగుతుంది.

అంటే ఈ ఆనకట్ట ఎంత బాగా పనిచేస్తే అంత తొందరగా మళ్లీ పని పెట్టేది. పూడిక తీయడానికి, కట్ట పెంచడానికి, గండి పూడ్చడానికి వేల మందిని తెగల నుంచి పిలిపించగల అధికారం ఉన్నంతకాలం అది నిలుస్తుంది. అరబ్బు కథల్లో ఒక ఎలుక కట్టను కొరికి కూల్చిందంటారు. ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే ఎలుక పాత్ర పోషించింది ఒండ్రు మట్టే.

## సాంబ్రాణి దారి

ఆ అధికారానికి డబ్బు ఎక్కడిది? కొంత పంట మీద, కొంత సాంబ్రాణి దారి మీద. జ్ఞానులు బాలయేసుకు తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళంలో రెండు ఈ ప్రాంతం సరుకులే. సాంబ్రాణి చెట్టు, మన అడవుల్లోని అందుగు చెట్టు ఒకే జాతివి. అది పెరిగేది నేటి ఒమన్‌లోని ధోఫార్‌లో, యెమెన్ తూర్పు భాగమైన హద్రమౌత్‌లో, ఏడెన్ సింధుశాఖ దాటితే సోమాలీ తీరంలో. మారిబ్‌లో ఆ చెట్లు లేవు. మారిబ్ ఉన్నది ఆ సరుకు వెళ్లే దారిలో.

ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఈ వ్యాపారాన్ని గిట్టనివాడిలా, అయినా లెక్కలు వదలకుండా వర్ణించాడు. హద్రమౌత్ రాజధాని షబ్వాలోకి సాంబ్రాణిని ఒకే ఒక్క గుమ్మం గుండా తేవాలి, దారి తప్పితే మరణశిక్ష. పూజారులు దేవుడి పేర పదో వంతు తీసుకున్నాకే అమ్మకం. ఆ వంతు తీసేది తూకంతో కాదు, కొలపాత్రతో. అక్కడినుంచి ఒక చోట నీళ్లకు, ఒక చోట మేతకు, ఒక చోట బసకు, మరో చోట సుంకానికి చెల్లించుకుంటూ పోవాలి. పక్క రాజ్యమైన కతబాన్ రాజధాని తిమ్నా నుంచి మధ్యధరా తీరంలోని గాజాకు 65 మజిలీలు. తీరం చేరేసరికి ఒంటెకు 688 దినార్ల (రోమన్ వెండి నాణేల) ఖర్చు. రోమ్‌లో మేలురకం సాంబ్రాణి పౌను ఆరు దినార్లు.

ఆ దారిలోని రాజ్యాల పుట్టుక ఈ లెక్కలో ఉంది. బిడారు ఆగక తప్పని చోట నీళ్లున్నవాడు రాజు. మారిబ్‌లో ఆనకట్ట ఉంది కాబట్టి తోటలున్నాయి, తోటలున్నాయి కాబట్టి బిడార్లు ఆగుతాయి. గుడి కూడా ఈ ఏర్పాటులో భాగమే. అక్కడ పూజారి, సుంకాధికారి మధ్య గీత చాలా సన్నం.

ఈ దారి రెండో చివర ఎంత దూరం పోయిందో చెప్పే రాయి ఒకటి గ్రీసులోని డెలోస్ ద్వీపంలో దొరికింది. సబా పొరుగు రాజ్యమైన మయీన్ వ్యాపారులు తమ దేవుడు వద్ద్‌కు అక్కడ బలిపీఠం పెట్టి, తమ లిపిలోనూ గ్రీకులోనూ చెక్కించారు. ఈజిప్టులోనూ ఇలాంటి మనిషి ఒకడున్నాడు. గుళ్లకు బోళం సరఫరా చేసిన జైద్ఇల్ అనే మయీన్ వర్తకుడు అక్కడే చనిపోతే ఈజిప్టు పద్ధతిలో శవపేటిక కట్టి, దాని మీద అరేబియా దక్షిణపు లిపిలో రాశారు.

## గాలి తెలిసిన ఓడలు

క్రీ.పూ. 26–25లో రోమ్ చక్రవర్తి అగస్టస్ ఈ సంపద కోసం ఏలియస్ గాలస్ నాయకత్వంలో సైన్యాన్ని పంపాడు. గాలస్ స్నేహితుడైన భూగోళవేత్త స్ట్రాబో చెప్పినదాని ప్రకారం, సైన్యం ఎడారిలో నెలలు నడిచి, మారిబ్ అని చాలామంది పండితులు భావించే పట్టణాన్ని ఆరు రోజులు ముట్టడించి, నీళ్లు లేక వెనుదిరిగింది. సైన్యంలో యుద్ధానికి చచ్చినవాళ్ల కంటే జబ్బులకు, ఆకలిదప్పులకు పోయినవాళ్లే ఎక్కువ.

సైన్యం చేయలేని పని గాలి చేసింది. నైరుతి రుతుపవనాల మీద ఎర్ర సముద్రం నుంచి సూటిగా భారత్‌కు పోవడం గ్రీకు–ఈజిప్టు నావికులకు అలవాటైంది. అంతకుముందు కొద్ది ఓడలే ధైర్యం చేసేవనీ, తన కాలంలో ఈజిప్టులోని మయోస్ హోర్మోస్ రేవు నుంచి ఏడాదికి 120 ఓడలు భారత్‌కు వెళ్తున్నాయనీ స్ట్రాబో రాశాడు. సాంబ్రాణికీ సముద్రపు దారి పడింది. ధోఫార్‌లోని సుమ్హురమ్, హద్రమౌత్‌లోని కనా రేవుల నుంచి అది ఓడ ఎక్కింది.

ఒకటో శతాబ్దం నడుమ ఒక గ్రీకు వర్తకుడు రాసిన ‘పెరిప్లస్’లో ఏడెన్ రేవు గురించి చిన్న మాట ఉంది. భారత్ నుంచి ఈజిప్టుకు, ఈజిప్టు నుంచి అవతలి తీరాలకు ఎవరూ సూటిగా పోని రోజుల్లో రెండు వైపుల సరుకూ అక్కడ దిగేది కాబట్టి ఆ ఊరు బాగా బతికిందట. తన కాలానికి అదో పల్లె. మధ్య మజిలీ అక్కరలేకుండా పోతే ఊరికి ఏమవుతుందో ఆ ఒక్క వాక్యంలో తెలుస్తుంది.

ఆ ఓడల దారికి తెలుగు తీరంతో నేరుగా సంబంధం ఉంది. అదే పుస్తకం ‘మసాలియా’ ప్రాంతంలో సన్నబట్ట విపరీతంగా నేస్తారని చెప్పింది. కృష్ణా ముఖద్వారం దగ్గరి మచిలీపట్నం ప్రాంతమే అది. తర్వాతి శతాబ్దంలో భూగోళవేత్త టాలెమీ పేర్కొన్న ‘కంటకస్సుల’ను ఘంటసాలగా గుర్తించారు. శాతవాహనులు రెండు తెరచాపల స్తంభాలున్న ఓడ బొమ్మతో నాణేలు వేశారు. మారిబ్‌కు ఆగకుండా పోయిన సరుకులో కృష్ణా డెల్టా బట్ట కూడా ఉండి ఉండాలి. యెమెన్‌కు చెందిన సొకోత్రా ద్వీపంలోని హోక్ గుహలో భారతీయ నావికులు బ్రాహ్మీ లిపిలో రాసుకున్న పేర్లు దాదాపు రెండు వందలు దొరికాయి. వాళ్లలో ఎక్కువమంది పశ్చిమ తీరంలోని భరుకచ్ఛం (నేటి భరూచ్) వైపువాళ్లు. అదే గుహలో క్రీ.శ. 258 నాటి, సిరియా ఎడారి నగరమైన పాల్మైరా భాషలోని చెక్క పలక కూడా ఉంది.

బిడార్లు ఒక్కసారిగా ఆగిపోలేదు. ఒంటెల దారి శతాబ్దాల పాటు నడిచింది. పోయింది గుత్తాధిపత్యం.

## కొండమీది రాజులు

రెండో మార్పు రాజకీయం. ఎడారి అంచున వరద నీటి మీద బతికే రాజ్యాల కంటే, వానలు పడే కొండల మీద మెట్ల సేద్యం చేసే హిమ్యర్ వాళ్లకు బలం పెరిగింది. వాళ్ల రాజధాని జఫార్ ఎత్తు మీద ఉంది, ఎర్ర సముద్రం రేవులకూ దగ్గర. క్రీ.శ. 275 ప్రాంతంలో హిమ్యర్ సబాను కలిపేసుకుంది, కొద్దికాలానికి హద్రమౌత్‌ను కూడా. స్వతంత్ర రాజ్యంగా సబా కథ ఇక్కడితో అయిపోయింది. ఆఖరి గండికి ఇంకా మూడొందల ఏళ్లుంది.

హిమ్యర్ రాజులు ‘సబా రాజు’ అన్న బిరుదు మాత్రం వదల్లేదు. తర్వాతి తరాలు రెండు రాజ్యాలను ఒకటిగా చూడటానికి అదీ ఒక కారణం. క్రీ.శ. 380 నాటికి వాళ్లు పాత దేవుళ్లను పక్కనపెట్టి యూదు మతం వైపు మొగ్గిన ఏకేశ్వర ఆరాధనకు మారారు. అల్మఖాకు మొక్కుల శాసనాలు ఆ కాలంతో ఆగిపోతాయి. వెయ్యేళ్లు నడిచిన గుడి ఏ దాడీ లేకుండానే మూతపడింది. అదే శతాబ్దం చివర్లో రోమ్‌లోనూ పాత దేవుళ్లకు ధూపం వేయడాన్ని చట్టం నిషేధించింది. సాంబ్రాణి గిరాకీ మీద దీని ప్రభావం ఉందని కొందరంటారు. చర్చిల్లో ధూపం వాడకం తర్వాత మళ్లీ పెరిగింది కాబట్టి ఈ వాదనను మరీ సాగదీయలేం.

## అబ్రహా పిండి లెక్క

సబా పోయినా ఆయకట్టు ఉంది, రైతులున్నారు, కాబట్టి ఆనకట్ట మీద శ్రద్ధ ఉంది. 5వ శతాబ్దం మధ్యలో గండి పడితే హిమ్యర్ రాజు షరహ్‌బిల్ యఅఫుర్ 20,000 మందితో బాగుచేయించినట్టు శాసనం వేయించాడు.

దాని తర్వాతి పెద్ద శాసనం క్రీ.శ. 548 ప్రాంతానిది. అప్పటికి పాలకుడు అబ్రహా. ఇథియోపియాలోని అక్సుం నుంచి వచ్చిన క్రైస్తవుడు. గండి పడిందన్న కబురు రాగానే తెగలకు పిలుపు పంపాడు. ఇంతలో మహమ్మారి వచ్చింది. మధ్యధరా ప్రపంచాన్ని 541 నుంచి ఊపేసిన ప్లేగే ఇదని చాలామంది అభిప్రాయం. జనాన్ని ఇళ్లకు పంపి, తగ్గాక మళ్లీ పిలిపించాడు. రోమ్, పర్షియా, అక్సుం దూతలు మారిబ్‌కే వచ్చి ఆయన్ని కలిశారు. ఇవన్నీ చెప్పాక శాసనం ఖర్చు చదువుతుంది: పిండి 50,806 కొలతలు, ఖర్జూరం 26,000 కొలతలు, గొర్రెలు మేకలు 7,200. పెద్ద పశువుల లెక్క, మద్యం లెక్క విడిగా ఉన్నాయి.

కాంట్రాక్టరు బిల్లు లాంటి ఈ జాబితాయే మొత్తం వ్యవహారానికి తాళంచెవి. గండి పూడ్చడం మట్టిపని కంటే ముందు తిండి పని. ఇన్ని వేల మందిని నెలల తరబడి పోషించగల ఖజానా, పిలిస్తే వచ్చే తెగలు, కాస్త ప్రశాంతత ఉండాలి. అబ్రహా తర్వాత ఇరవై, పాతికేళ్లలో ఆ మూడూ పోయాయి. వారసుల తగాదాలు, ఆ వెంటనే 570లలో పర్షియా దండయాత్ర. ఆ కాలంలోనే ఎప్పుడో కట్ట మళ్లీ తెగింది. ఈసారి కట్టేవాళ్లు లేరు. మునుపటి గండ్లకూ దీనికీ తేడా వరద పరిమాణంలో ఉందని చూపే ఆధారం లేదు, మరమ్మతు జరగకపోవడంలోనే ఉంది.

ఆయకట్టు మీద బతికే జనం చెల్లాచెదురయ్యారు. అరబ్బీలో ‘సబా వాళ్లలా చెదిరిపోయారు’ అన్న సామెత ఇప్పటికీ ఉంది. మదీనాలోని ఔస్, ఖజ్రజ్ తెగలు, సిరియా సరిహద్దులోని ఘస్సాన్ తెగ తమ మూలాలను ఈ వలసల్లోనే చెప్పుకుంటాయి. శతాబ్దాల్లో విడతలుగా జరిగిన వలసలు కథలో ఒక్క రాత్రి వరదలోకి కుదించుకుపోయి ఉండాలి.

## పెట్రా, పాల్మైరాలతో పోలిస్తే

ఉత్తరాన, నేటి జోర్డాన్‌లోని పెట్రాదీ దాదాపు ఇదే తీరు. కొండల మీది వాన నీళ్లను కాలువలతో, మట్టి గొట్టాలతో ఊళ్లోకి తెచ్చుకున్న నబాతియన్లు సాంబ్రాణి బిడార్ల మీద సంపాదించారు. క్రీ.శ. 106లో రోమ్ వాళ్ల రాజ్యాన్ని కలిపేసుకుంది. 363 భూకంపం ఊరిని దెబ్బతీసింది. కథల్లో భూకంపానికే పేరొచ్చింది గానీ వ్యాపారం అప్పటికే చాలావరకు మళ్లిపోయింది. దక్షిణాన వాళ్లదే అయిన హెగ్రాలో, నేటి సౌదీలో, 111 రాతి సమాధులు మిగిలాయి. పాల్మైరా దారి వేరు: 270లలో రోమ్ మీద తిరగబడి చక్రవర్తి అరేలియన్ సైన్యం చేతిలో నేరుగా దెబ్బతింది. ఈ మూడింటిలో నీటి మరమ్మతు మీద ఇంతగా ఆధారపడింది మారిబ్ ఒక్కటే.

## ఇప్పటి పరిస్థితి

1986లో పాత ఆనకట్టకు ఎగువన, సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో కొత్త డ్యామ్ కట్టారు. డబ్బు ఇచ్చింది అప్పటి యూఏఈ అధ్యక్షుడు షేక్ జాయెద్. తన పూర్వీకులు మారిబ్ నుంచి వలస వచ్చారని ఆయన వంశం నమ్మకం. ఇది నిజమైన జలాశయం, సామర్థ్యం దాదాపు 40 కోట్ల ఘనపు మీటర్లు, అంటే 14 టీఎంసీలు. పాత పద్ధతిలో ఒండ్రు పొలాలకు పోయేది, ఇప్పుడు డ్యామ్ వెనకే ఆగుతుంది.

2015లో వైమానిక దాడిలో పాత ఆనకట్ట ఉత్తరపు తూము దెబ్బతింది. దేశంలో మిగతా చోట్ల నుంచి యుద్ధానికి తట్టుకోలేక వచ్చిన లక్షల మందికి మారిబ్ ఆశ్రయమైంది. శిథిలాల చుట్టూ గుడారాలు, ఇళ్లు పెరిగాయి. తవ్వకాలు చేయాల్సిన విదేశీ బృందాలు వెళ్లలేకపోతున్నాయి, దొంగతవ్వకాలు చేసేవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. 2023 ఫిబ్రవరిలో అమెరికా 77 పురావస్తువులను యెమెన్‌కు తిరిగి అప్పగించింది. వాటిలో 64 రాతి తలలు, ఒకప్పుడు సమాధుల దగ్గర పెట్టినవి. దేశానికి పంపే పరిస్థితి లేదు కాబట్టి యెమెన్ కోరిక మేరకు వాటిని అప్పట్లో తాత్కాలికంగా వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం దగ్గరే ఉంచారు.

పాత మారిబ్ ఊరు శిథిలాల దిబ్బ మీదే ఉండేది. 1960ల అంతర్యుద్ధంలో బాంబులు పడ్డాక ఖాళీ అయింది. ఆ మట్టి ఇళ్ల పునాదుల్లో సబా అక్షరాలున్న రాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. గోడ కట్టినవాళ్లకు రాయి గట్టిగా ఉంటే చాలు కాబట్టి కొన్ని తలకిందులుగా ఉన్నాయి.